నెత్తిన టోపీ, టోపీ మీద బాండ్లి

పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నేను చేసిన ఉద్యోగంలోనే కొత్తగా చేరారు. కాఫీ తాగి, నోటుపుస్తకాలు తీసి, "మేడమ్, సేఫ్టీ ప్లాను అప్రూవ్ చేసేటప్పుడు అసలు ఏం చూడాలి?" అని అడిగారు. నేను నియమాలన్నీ వరసగా అప్పజెప్పాను. వాళ్లు గంగిరెద్దుల్లా తలలూపుతూ రాసుకున్నారు. వాళ్లు గేటు దాటారో లేదో, నా మీద నాకే మండుకొచ్చింది. పుస్తకంలో ఉన్నది చెప్పడానికి నేనెందుకు? పుస్తకమే చెబుతుంది కదా! అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్లు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి రిటైరైనవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు.

ముందు ఉద్యోగం ఏమిటో చెబుతాను. తొంభైల్లో కట్టడం కూలీల కోసం కొత్త చట్టం వచ్చింది. యాభైమంది, ఆపైన పనిచేసే చోట కాంట్రాక్టరు కూలీల భద్రత, ఆరోగ్యం గురించి ఒక ప్లాను రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. మనిషి పైనుంచి పడకుండా ఏం చేస్తావు, పడితే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు, తాగే నీళ్లు ఎక్కడ పెడతావు, చంటిపిల్లలను ఎక్కడ పడుకోబెడతావు, అన్నీ అందులో ఉండాలి. నేను దాన్ని చదివి, జాగా చూసి, సరిపోతుందో లేదో రాసి సంతకం పెట్టాలి. అనంతపురంలోని మా పెద్దాఫీసరు కూడా సంతకం పెడితే ఆమోదం అయినట్టు. నా ఆఫీసు పెనుకొండలో. ఒక గది, ఒక ఫ్యాను, ఎప్పుడూ సెలవులో ఉండే ఒక గుమాస్తా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నా పరిధి. ఎర్రబస్సులో ఆ మూడు ఊళ్ల మధ్య నేను తిరిగిన తిరుగుడుకు బస్సు కండక్టర్లు నన్ను టికెట్ అడగడం మరిచిపోయేవారు. నేనే గుర్తుచేసి మరీ తీసుకునేదాన్ని.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నాకు ముక్కు మీద కోపం.

ధర్మవరంలో సముద్రం

మొదట్లో నా దగ్గరికి వచ్చిన ప్లానుల్లో ఒకటి ధర్మవరంలో కట్టబోయే పెద్ద గోదాముది. అట్టవేసి, బైండు చేసి, పెళ్లి ఆల్బంలా ఉంది. చదువుతూ పోతున్నాను. పదిహేనో పేజీలో "అలల ఎత్తు ఒక మీటరు దాటినచో పని నిలిపివేయవలెను" అని ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చదివాను. కింద "ప్రతి కార్మికునికి లైఫ్ జాకెట్ ఇవ్వబడును" అని కూడా ఉంది. ఆ ఏడు ధర్మవరం చెరువులో బర్రెలు మునగడానికే నీళ్లు లేవు! ఎక్కడో ఓడరేవు పనికి రాసిన ప్లానును తెచ్చి, పై పేజీలో ఊరిపేరు మార్చి మనకు పెట్టేశారు.

దాన్ని పట్టుకుని అనంతపురం పోయాను. మా పెద్దాఫీసరు రహంతుల్లా సారు చదివి నవ్వలేదు. ఎర్రసిరా పెన్ను తీసి, "సముద్రము ఎప్పుడు తెప్పించెదరో తెలియజేయగలరు" అని అంచులో రాసి, తిప్పి పంపారు. ఆ కాంట్రాక్టరు వారంలో కొత్త ప్లాను తెచ్చాడు. అందులో సముద్రం లేదు.

ఆ కథ నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పి నవ్వించాను. మీకూ నవ్వొచ్చే ఉంటుంది. కానీ దానివల్ల నాకు ఒక చెడ్డ అలవాటు పట్టింది. ప్లానులో సముద్రం లేకపోతే ప్లాను మంచిదే అనుకోవడం మొదలుపెట్టాను.

రహంతుల్లా సారు

సారుది కదిరి పక్క పల్లె. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. ప్లాను ముందు పెడితే ఆయన వేలు వాక్యం వాక్యం మీద ఆగేది. ఆగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న.

"ఏమ్మా, ఈ మాట చదివి రేపు పొద్దున ఎవరు ఏం చేస్తారు?"

"భద్రత విషయమై తగు శ్రద్ధ వహించబడును" అనే వాక్యం చదివి ఎవరూ ఏమీ చేయరు. కొట్టేసేవారు. "కట్టెలతో కట్టిన సారువ ఎక్కే ముందు మేస్త్రీ ప్రతి ముడీ లాగి చూడవలెను" అంటే మేస్త్రీ లాగుతాడు. ఉంచేవారు. అరవై పేజీల ప్లాను ఆయన చేతిలో పడితే పన్నెండు పేజీలయ్యేది. ఆ పన్నెండూ పనికొచ్చేవి. నా సర్వీసులో చాలామంది పై అధికారులను చూశాను. కొందరికి సంతకం చేసే పెన్ను ముఖ్యం, కొందరికి ఆ పెన్నుకు మూత ముఖ్యం. ఆయనకు మాత్రం వాక్యం ముఖ్యం. నలుగురిలో ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. నేను అనిపించుకోవాల్సిన పనులు చేశాను కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

మా నాయన బేల్దారి. ధర్మవరంలో నలభై ఏళ్లు తాపీ పట్టాడు. సారువ మీద పలక వేస్తే ముందు తానే ఎక్కి రెండుసార్లు ఎగిరి, ఆ తర్వాతే మిగతావాళ్లను ఎక్కనిచ్చేవాడు. పెద్దవాడయ్యాక పెనుకొండలో నా దగ్గరే ఉండేవాడు. అంటే నేను సిమెంటు దుమ్ములో పుట్టిపెరిగినదాన్ని. ఈ ఉద్యోగానికి నన్ను మించినవాళ్లు లేరని నాకు లోపల్లోపల గర్వం ఉండేది.

నా చేతిరాత

రెండు వేల సంవత్సరం దాటాక హిందూపురంలో ఒక పెద్ద నీళ్ల ట్యాంకు పని మొదలైంది. ఆ ఊరి నీళ్ల కష్టం తెలిసినవాళ్లకు ఆ ట్యాంకు విలువ చెప్పక్కర్లేదు. వీధి మొగదలకు ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో యుద్ధమే. అరవై అడుగుల ఎత్తు, పైన గుండ్రటి డోము.

కాంట్రాక్టరు గోపాలప్ప అనే మడకశిర పక్క మనిషి. ఆయన తెచ్చిన ప్లాను చూసి నేను మురిసిపోయాను. ఎవరి దగ్గరా ఎత్తి రాసింది కాదు. నీళ్ల డ్రమ్ము ఏ చెట్టుకింద పెడతాడో, గాయాల పెట్టె ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. కానీ చదివినందుకు నేనూ ఏదో ఒకటి చేర్చాలి కదా! చివర్లో నా చేత్తో ఒక వాక్యం రాశాను. "హెల్మెట్ లేని మనిషిని, ఎవరైనా సరే, పని జాగాలో అడుగు పెట్టనివ్వరాదు."

రహంతుల్లా సారు వేలు దానిమీద ఆగింది.

"ఈ మాట చదివి ఎవరు ఏం చేస్తారమ్మా?"

"అందరూ హెల్మెట్ పెట్టుకుంటారు సార్."

ఆయన ఒక క్షణం ఆలోచించి సంతకం పెట్టారు.

ఇక్కడ గోపాలప్ప గురించి ఒక మాట చెప్పాలి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసిన కాంట్రాక్టరును నా ముప్పై ఏళ్లలో ఆయన్నొక్కడినే చూశాను. మా కొంప మునిగింది కూడా అందుకే. ఆ వారమే బెంగుళూరు నుంచి పసుపుపచ్చ హెల్మెట్లు మూటలు మూటలుగా తెప్పించి ఒక్కొక్కరికి ఒకటి పంచాడు.

ఆ పనిలో కాంక్రీటు మోసేది పద్నాలుగుమంది ఆడవాళ్లు. నంబులపూలకుంట పక్క పల్లెలవాళ్లు. వానలు లేక, చేలో ఏమీ పండక పనికి వచ్చినవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు కుళ్లాయమ్మ, యాభై ఏళ్ల మనిషి. పాతచీర పేలికను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దానిమీద కాంక్రీటు నింపిన ఇనప బాండ్లి పెట్టుకుని, ఒక చేత్తో బాండ్లినీ ఒక చేత్తో ర్యాంపు పక్కన అడ్డంగా కట్టిన కట్టెనూ పట్టుకుని, పలకలతో ఏటవాలుగా వేసిన ఆ ర్యాంపు మీద ఎక్కిపోయేవాళ్లు.

ఇప్పుడు నెత్తిన హెల్మెట్ వచ్చింది. గుండ్రటి నున్నటి బోడిగుండు లాంటి హెల్మెట్ మీద పేలిక చుట్ట నిలవదు. బాండ్లి అటూ ఇటూ జారుతుంది. రెండు చేతులతో బాండ్లిని పట్టుకుంటే కట్టెను పట్టుకునే చేయి లేదు. మొదటిరోజు ఇద్దరు హెల్మెట్ తీసి మోశారు. సైటు ఇంజనీరు వాళ్లను ఆ పూటకు పనిలోంచి పంపేశాడు. కుళ్లాయమ్మ అడగడానికి పోతే నా చేతిరాత వాక్యం చూపించి, "గవర్నమెంటు ఆర్డరు" అన్నాడట.

మూడోరోజు నాగమణి అనే ఆమె ర్యాంపు మలుపు తిరుగుతుండగా బాండ్లి పక్కకు జారింది. దాన్ని ఆపబోయి ఆమె ఒరిగింది. పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు. పన్నెండు అడుగుల నుంచి కంకర కుప్ప మీద పడింది. మెడ కింది ఎముక, ఎడమ మణికట్టు విరిగాయి.

ఆసుపత్రి వరండాలో

ఫోను రాగానే బస్సెక్కి హిందూపురం పోయాను. దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. ఎంత చెప్పినా వినరు, హెల్మెట్ తీసేసి ఉంటుంది అనుకున్నాను. ఆసుపత్రి వరండాలో కుళ్లాయమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎవరో కూడా అప్పటికి నాకు తెలియదు. వెళ్లీ వెళ్లగానే నేను అడిగిన మొదటి మాట ఇది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"హెల్మెట్ పెట్టుకుందా, లేదా?"

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పెట్టుకొనుండాది మేడమ్. పెట్టుకొనుండే దానికే పడింది."

"అంటే?"

"నెత్తిన టోపీ పెట్టమంటిరి. మరి బాండ్లి యాడ పెట్టుకోవాల? మీ నెత్తినా?"

వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకుంటుందా! "మీ ప్రాణాలు కాపాడటానికే కదమ్మా రాసింది!" అని గట్టిగా అరిచాను.

"మా పానం కోసరం రాసినోళ్లు ఒగ తూరి మమ్మల్ని అడిగుంటే ఏం పోయింది? మేం ఏం మోస్తాండామో, యాడ మోస్తాండామో, సూసినారా?" అంది. ఆమె గొంతు ఏమాత్రం పెరగలేదు. "రేపు పొద్దన సైటుకు రాండి. సూపిస్తా."

లోపల నాగమణిని చూశాను. ముప్పై ఏళ్లుంటాయి. నన్ను చూసి లేవబోయింది. నేను భుజం పట్టి పడుకోబెట్టబోతే నొప్పితో అరిచింది. నేను పట్టుకుంది విరిగిన వైపు.

మరునాడు ఆఫీసు తెరిచేసరికి గోపాలప్ప పంపిన ప్రమాద నివేదిక బల్లమీద ఉంది. "కారణం: కార్మికురాలి అజాగ్రత్త." దాని కింద నేను సంతకం పెడితే అంతటితో సరి. నా వాక్యానికి మచ్చ రాదు, సారు సంతకానికి మచ్చ రాదు. గోపాలప్ప కూడా బతికిపోతాడు. కానీ మూడు వారాల్లో డోము పోయాలి. అదే హెల్మెట్లు, అదే బాండ్లీలు, ఈసారి అరవై అడుగులు. పన్నెండు అడుగుల నుంచి పడితే ఎముక విరిగింది. అరవై నుంచి పడితే ఏమవుతుందో లెక్కవేయడానికి చదువు అక్కర్లేదు.

నేను సంతకం పెట్టకుండా పక్కన పెట్టి, అప్పుడే హిందూపురం పోవాల్సింది. పోలేదు. నాకు భయమేసింది. ప్రభుత్వం ఆమోదించిన ప్లానే మనిషిని పడేసిందని నా చేత్తో నేను ఎలా రాయను? మింగలేక కక్కలేక ఆ రోజంతా అలాగే కూర్చున్నాను.

సాయంత్రం అన్నం పెడుతూ నాయనకు చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్న చేయి ఆపాడు.

"ఏమ్మా, మీ యమ్మ నాతో పాటు ఎన్నేండ్లు బాండ్లి మోసింది?"

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

"నువ్వు కడుపులో ఉండంగ గూడా మోసింది. ఆ నెత్తి మీద ఎప్పుడన్నా టోపీ సూసినావా? సుట్టబట్ట పెట్టీ పెట్టీ నడినెత్తిన ఎంటికలు ల్యాకుండా పాయె. నువ్వే కదా నూనె రాస్తాంటివి!"

అవును, నేనే రాసేదాన్ని. అరచేతంత బోడి జాగా. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ జాగాలో నూనె రాసిన చేత్తోనే నేను ఆ వాక్యం రాశాను. అన్నం ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నాయన ఓదార్చలేదు. "ఏడ్సింది సాలు. పొద్దన పో," అన్నాడు.

పదకొండు అడుగులు

పొద్దున సైటులో కుళ్లాయమ్మ, "నిన్న వస్తావనుకుంటి," అని మాత్రం అంది. నాకు ఒక హెల్మెట్ ఇచ్చి పెట్టుకోమంది. దానిమీద పేలిక చుట్ట పెట్టి, సగం బాండ్లి ఇసుక ఎత్తి పెట్టింది. "నడువు మేడమ్. నేను పక్కనే వస్తాండా," అంది. చుట్టూ పన్నెండుమంది ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె కిసుక్కున నవ్వితే కుళ్లాయమ్మ కళ్లెర్రజేసింది.

నేను లెక్కపెట్టుకుంటూనే నడిచాను. నాలుగో అడుగుకు బాండ్లి ముందుకు వాలింది. రెండు చేతులూ పైకి పోయాయి. ఏడో అడుగుకు మెడనరం పట్టేసింది. కట్టె పక్కనే ఉంది, చేయి చాస్తే అందుతుంది, కానీ చాచడానికి చేయి లేదు. పదకొండో అడుగుకు మలుపు వచ్చింది. పక్కన నాగమణి పడిన కంకర కుప్ప కనిపించింది. 

"దించమ్మా! దించు!"

కుళ్లాయమ్మ చేయి మొదటి అడుగు నుంచీ బాండ్లి అడుగునే ఉందని అప్పుడు చూశాను. దించి, నా హెల్మెట్ తీసి, పేలిక చుట్ట నా వెంట్రుకల మీద సరిగ్గా కుదిర్చి, మళ్లీ బాండ్లి పెట్టింది. ఈసారి బరువు మెడలోంచి నడుములోకి నిటారుగా దిగింది. ఒక చేత్తో కట్టె పట్టుకుని పైదాకా పోయాను.

"తెలిసిందా?" అంది.

"తెలిసిందమ్మా. తప్పు నాది."

"మీరు సదువుకున్నోళ్లు అట్ల ఒప్పుకుంటే మాకు భయమయితాది మేడమ్," అని ఆమె నవ్వింది. ఆ మనిషి నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇసుక కుప్ప మీద

ఆ మధ్యాహ్నమే అనంతపురం పోయి జరిగిందంతా సారుకు చెప్పాను. గోపాలప్ప నివేదికా, నేను రాసిన తప్పొప్పుకోలూ ఆయన ముందు పెట్టాను. ఆయన రెండూ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అడిగింది నేను, సెప్పింది నువ్వు. 'అందరూ' అంటివి. నేనూ సరే అంటిని. అందరూ అంటే ఎవరమ్మా? ఆ పద్నాలుగుమంది మన ఇద్దరి కండ్లకూ ఆనలేదు," అన్నారు.

నా తప్పొప్పుకోలును పక్కన పెట్టి, నివేదికలో "అజాగ్రత్త" అనే మాట కొట్టేసి, ఎర్రసిరాతో రాశారు. "ప్రమాదమునకు కారణము ఆమోదించిన ప్లానులోని వాక్యము. ఆమోదించినది నేను."

"సార్, మీ రిటైర్మెంటుకు ఆరునెలలు కూడా లేదు. పెన్షను ఫైలు ఆపుతారు," అన్నాను.

"ఆపనీలే. ఆపినోళ్లు దాన్ని చదువుతారు కదా. అట్లన్నా ఒకడు చదవనీ."

చెప్పినట్టే ఆపారు. ఆయన చాలాకాలం తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగుడు గురించి ఆయన నాతో ఒక్కమాట అనలేదు.

మూడోరోజు సారు బస్సులో హిందూపురం వచ్చారు. కుర్చీ వేయబోతే వద్దని ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. ఎదురుగా గోపాలప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మీరు రాసినట్లే చేసినా కదా! చేయకుంటే తప్పు, చేసినా తప్పేనా?" అన్నాడు. 

"చేసింది తప్పు కాదప్పా. ఆయమ్మదే అజాగ్రత్త అని రాసింది మాత్రం తప్పే."

గోపాలప్ప తలవంచుకున్నాడు. "భయపడి రాసినా సార్," అన్నాడు.

ఇక ఏం చేయాలి? ఆడవాళ్లకు హెల్మెట్లు తీసేద్దామంటే అంత ఎత్తు పనిలో పైనుంచి ఏది పడినా బుర్ర పగులుతుంది. పెట్టమంటే బాండ్లి నిలవదు. సారు కుళ్లాయమ్మ వైపు తిరిగారు.

"నువ్వు సెప్పమ్మా. ఏం చేస్తే ఎవరూ పడకుండా ఉంటారు?"

ఆమె వెనక్కి తిరిగింది. వెనక నిలబడినవాళ్లను ఒకసారి చూసింది. "బెంగుళూరు పక్క లిఫ్టు మిషనని ఉండాదంట సార్. బాండ్లీలు దాంట్లో పెడితే అదే పైకి పోతాదంట. అది తెప్పించండి," అంది.

గోపాలప్పే ఆశ్చర్యపోయాడు. "ఏమ్మా, అది వస్తే మోసేకి మీరెందుకు? మీ పద్నాలుగుమందికీ పని పోతాది కదా!"

"తెలిసే సెప్తాండానన్నా. పని పోతే ఇంగో సైటు ఎతుక్కుంటాము. పానం పోతే యాడ ఎతుక్కోవాల?"

వెనక ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ కాదనలేదు. వాళ్ల ఊళ్లో ఆ ఏడు వేరుశనగ పూర్తిగా ఎండిపోయిందని నాకు తెలుసు. నా జీవితంలో నేను చేతులెత్తి మొక్కాలనుకున్న మనుషులు తక్కువ. ఆ రోజు మొక్కాను, నిజంగానే. ఆమె, "ఏంది మేడమ్ ఇది," అని నా చేతులు దించేసింది.

సారు ఇసుకలోంచి లేవనేలేదు. "మిషనులో బాండ్లీలు ఎవరు నింపుతారప్పా? పైన ఎవరు దించుతారు? చేతికి చేయి ఎవరు అందిస్తారు? తలమీద బరువు లేకుంటే హెల్మెట్ బ్రహ్మాండంగా నిలుస్తాది," అంటూ మనుషులను లెక్కపెట్టసాగారు. కింద ఆరుగురు, పైన ఏడుగురు. డోము చుట్టూ కటకటాలు. ఇంకొక మనిషి మిషను కింద నిలబడి, ఎవరైనా దాని కిందికి వస్తే విజిల్ ఊది ఆపాలి, వాళ్లు తప్పుకున్నాక మళ్లీ ఊది నడిపించాలి. "నాగమణి కుడిచేయి బాగుంది కదా? విజిల్ ఊదేకి అది సాలు," అన్నారు.

అక్కడే, ఆ ఇసుకలోనే, ప్లాను తిరగరాశాం. "అందరూ" అనే మాట ఉన్నచోటల్లా ఎవరో పేర్లు రాశాం. పద్నాలుగు పేర్లు. గోపాలప్ప గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. కానీ ఒప్పుకున్నాక వెనక్కి పోలేదు. తానే బెంగుళూరు పోయి, నాలుగోరోజుకల్లా మిషను లారీలో దింపించాడు. మంచి కాంట్రాక్టరు లేడనేవాళ్లు మీకు చాలామంది కనిపిస్తారు. వాళ్లకు గోపాలప్ప సంగతి చెప్పండి.

డోము పోసిన రోజు

టెంకాయ కొట్టి, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, సాయంత్రానికి డోము పోయడం ముగించారు. ఒక్కరికీ గోరంత గాయం కూడా కాలేదు. ఒకసారి మాత్రం పని ఆగింది. దానికి కారణం నేను.

బస్సు ఆలస్యమై పదింటికి చేరాను. పైన ఎలా సాగుతోందో చూడాలన్న ఆత్రంలో ఫైలు చంకన పెట్టుకుని, తాడు కట్టిన హద్దు కిందినుంచి దూరి, నేరుగా లోపలికి నడిచాను. ఆఫీసర్లం కదా, మన కాళ్లకు అడ్డేముంటుంది? చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. మిషను నడిమధ్య ఆగిపోయింది. పైన ఏడుగురు, కింద ఆరుగురు, మేస్త్రీలు, సెంట్రింగువాళ్లు, అందరూ కదలకుండా నిలబడ్డారు. ఏదో పడుతోందని నేను తల పైకెత్తాను.

నాగమణి గబగబా వచ్చింది. ఎడమచేయి మెడకు వేసిన గుడ్డలో ఉంది, కుడిచేతిలో విజిల్.

"మేడమ్, టోపీ యాడ?"

గోపాలప్ప పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, ఎవర్ని ఆపుతాండావు? ఆయమ్మ సంతకం పెట్టిందానికే ఈ పని నడుస్తాండాది!"

"పైనుంచి పడే రాయి సంతకం సూసి పడుతాదా అన్నా?" అంది నాగమణి. విజిల్ పట్టుకున్న చేత్తోనే నాకు తాడు అవతల దారి చూపించింది.

నేను ఫైలు పట్టుకుని వెనక్కి నడిచి, వంగి, తాడు కిందనుంచి బయటికి వచ్చాను. రెండు కాళ్లూ బయట పడేదాకా చూసి, అప్పుడు ఆమె రెండోసారి విజిల్ ఊదింది.